ముట్టిందా, కుట్టిందా

నాకు ఫారాలంటే ప్రాణం. ముప్పై ఏళ్లు పైగా ఆరోగ్యశాఖలో నలిగినవాడికి ఇంకేం మిగులుతుంది చెప్పండి. గడులు గీసిన కాగితం కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి పెన్ను వెతుక్కుంటుంది. గుట్టలెక్కే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి, సంచిలో ఏమేం పెట్టుకోవాలి సార్ అని అడుగుతుంటారు. దూది, గాజుగుడ్డ, టార్చి, ఉప్పు చక్కెర పొట్లాలు, విజిలు అని చెప్పి పంపిస్తాను. వాళ్లు రాసుకుని సంతోషంగా పోతారు. సంచిలో పట్టనిది ఇంకొకటుంది, దాని గురించి చెప్పాలంటే నా పరువు కొంచెం పోతుంది. ఇప్పుడు రిటైరయ్యాను కాబట్టి పోతే పోనీ అనుకుని రాస్తున్నాను.

నేను హెల్త్ సూపర్‌వైజర్‌ని. బచ్చన్నపేటలో మొదలుపెట్టి, కొడకండ్ల మీదుగా, ఆఖరికి గూడూరు దిక్కు అడవి అంచున ఒక ఆరోగ్య కేంద్రానికి వచ్చి పడ్డాను. ఆ రోజుల్లోనే ఈ ట్రెక్కింగ్ అనేది మొదలైంది. సెలవు వస్తే చాలు, కాలేజీ పిల్లలు బస్సుల్లో దిగడం, గుట్టలెక్కడం, ఎవరో ఒకరు కాలు మడతపడి కుంటుకుంటూ మా దగ్గరికి రావడం. పైవాళ్లు ఆలోచించి, తండాల నుంచి కొందరిని గైడ్లుగా పెట్టారు. వాళ్లకు ప్రథమ చికిత్స నేర్పే పని నా నెత్తిన వేశారు. నేర్పడమంటే నాకు ఎక్కడలేని హుషారు. మహబూబాబాద్ దిక్కు క్లాసులు పెట్టాను, భూపాలపల్లి దాకా పోయి పెట్టాను, జనగామలో గుట్టలు లేకపోయినా ఒకటి పెట్టాను.

మొదటి క్లాసుకు పద్దెనిమిది మంది వచ్చారు. అందులో ఒకామె ముందు వరసలో కూర్చునేది. లంబాడా తండా మనిషి, నలభై దాటి ఉంటుంది. చదువు ఐదో తరగతి. ఇంట్లో వాళ్ల భాష వేరే. తెలుగు మా ఊళ్లల్లో నాట్లకు, పత్తి ఏరడానికి వచ్చి నేర్చుకున్నదే. గైడ్లందరిలో అడవి బాగా తెలిసింది ఆమెకే. చేతి పని కూడా గట్టిది. రెండు బొంగులకు చొక్కాలు తొడిగి మంచంలా చేసి మనిషిని మోయడం నేను ఒక్కసారి చూపిస్తే, రెండోసారి ఆమె నాకే చూపించింది, బొత్తాలు పెట్టి తొడిగితే గట్టిగుంటది సార్ అని.

గొడవ ఎక్కడొచ్చిందంటే పాము పాఠం దగ్గర. నేను "పాము కరిస్తే" అని మొదలుపెట్టగానే క్లాసంతా ముడుచుకుపోయింది. వెనక వరసలో ఒక పెద్దాయన చేతులు కట్టుకుని లేచాడు.

"సార్, అడవికాడ కూసోని ఆ పేరు తియ్యద్దు. పురుగు అనుండ్రి."

నాకు తిక్క రేగింది. ఫారాల మనిషిని కదా. నేను సొంతంగా గీసిన ఫారంలో పాము కాటుకు ఎర్ర గడి, పురుగు కాటుకు పచ్చ గడి ఉన్నాయి. పామును పురుగంటే నా గడులు ఏం కావాలి?

"నా క్లాసుల పామంటే పాము, పురుగంటే పురుగు," అన్నాను. "అందరు మూడు మూడు సార్లు అనుండ్రి."

పసిపిల్లలతో ఎక్కాలు చెప్పించినట్టు అనిపించాను. ముందు వరసలో ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ, మూడుసార్లూ అంది. అంధవిశ్వాసాన్ని అడవిలోంచి వెళ్లగొట్టానని నాకు ఆ రోజు చెప్పలేనంత గర్వం. ఆ మధ్యాహ్నమే ఇంకో పాఠం కూడా చెప్పాను. దెబ్బ తగిలిన మనిషి ముందు భయపెట్టే మాట ఒక్కటి కూడా అనొద్దు, భయపడితే గుండె దడదడ కొట్టుకుంటది, విషం తొందరగా పాకుతది అని. పొద్దున చెప్పిందీ, మధ్యాహ్నం చెప్పిందీ అడవిలో ఒకదానికొకటి ఎదురుపడితే ఏమవుతుందని నేను ఆలోచించలేదు. ఎవరూ అడగనూ లేదు.

వానలు వెనకబట్టి, చలి ఇంకా రాని రోజులు. ఇరవై మంది డిగ్రీ పిల్లలు వచ్చారు. పద్ధతి ప్రకారం నేను, అంబులెన్సు, డ్రైవరు గుట్ట కింద క్యాంపు దగ్గర ఉన్నాం. డ్రైవరు బచ్చన్నపేట మనిషి. నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైనా నేను అన్న అనే పిలిచేవాణ్ని, ఎందుకంటే దారుల విషయంలో ఆయన మాటే చెల్లేది. పిల్లల వెంట ఆ గైడమ్మ వెళ్లింది. గుట్ట మీద ఫోను సిగ్నల్ దొరికేది ఒక్క పెద్దబండ దగ్గరే. ఏదైనా అయితే అక్కడికి చేరి నాకు ఫోన్ చెయ్యాలని ఏర్పాటు.

పది నలభైకి ఫోను మోగింది. ఆ టైము ఎట్లా గుర్తుందంటే, ఫారంలో రాశాను.

"సార్, నేను. పెద్దబండ కాడున్నం. ఒక పిల్లకు పురుగు ముట్టింది. కాలు మీద."

"ఊపిరి మంచిగ ఆడుతుందా? ముఖం ఏమన్న ఉబ్బిందా?"

"లేదు సార్. మంచిగనే మాట్లాడుతుంది. ఈడనే, నా పక్కకే ఉన్నది."

"దద్దుర్లు?"

"లెవ్వు." కొంచెం ఆగి, ఒక్కొక్క మాట విడదీసి మళ్లీ అంది. "సార్. పురుగు. ముట్టింది."

"విన్నానమ్మా. సబ్బుతోని కడుగు, తడిగుడ్డ వెయ్యి. అరగంట నీడకు కూసోపెట్టు. ఏం గాకుంటే మెల్లగ నడిపించుకుంట తోలుకరా."

"నడిపించాల్నా సార్?"

"పురుగు కుడితే ఎవరన్న మోసుకొస్తరా?" అని నవ్వాను కూడా.  అంతలోనే లైన్ పోయింది.

నేను పచ్చ గడిలో టిక్కు పెట్టాను. టైము వేశాను. సంతకం చేశాను. ఆ తర్వాత బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, క్యాంపు వంటాయన ఇచ్చిన చాయ్ తాగుతూ కూర్చున్నాను. డ్రైవరన్న బండి టైర్లకు గాలి చూసుకుని, చేతులు కడుక్కుని, అప్పుడొచ్చాడు. ఆయనకొక గ్లాసు ఇచ్చారు.

"ఏం ఫోనొచ్చింది సార్ ఇందాక?"

"ఏం లేదే. ఒక పిల్లకు పురుగు కుట్టిందట."

"గైడమ్మ కుట్టింది అన్నదా?"

"ఆ... ముట్టింది అన్నది. ఏదైతే ఏందే?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "సార్, తేలు కుడుతది. కందిరీగ కుడుతది. ముట్టేది ఒక్కటే."

అప్పటికే తాళంచెవి ఆయన చేతిలో ఉంది.

 ఆ మాట నాకు తెలియనిదా? మా ఇంటి వెనక గోదాములో హమాలీకి పాము కరిచిన నాడు, మా నాయినమ్మ వాకిట్లో నిలబడి అన్న మాట అదే. పురుగు ముట్టింది, ఉరుకుండ్రి అంది. ఆ మాట వింటూనే నేను పెరిగాను. కానీ ఏళ్ల తరబడి గడుల్లో రాసీ రాసీ, చెవులకు కూడా గడులు కట్టుకున్నాను. ఎర్ర గడి పేరు వినపడితేనే అపాయం, లేకపోతే లేదు. ఆమె రెండుసార్లు చెప్పింది. రెండోసారి విడమరిచి మరీ చెప్పింది. నేను నడిపించమన్నాను. పాము కరిచిన మనిషిని నడిపించొద్దని ఈ మూడు జిల్లాల్లో బోర్డు మీద రాసి చెప్పింది నేనే.

గడియారం పదకొండు చూపిస్తోంది. ఇరవై నిమిషాలు నేను చాయ్ తాగాను.

ఫోన్ చేస్తే కలవలేదు. మళ్లీ చేస్తే కలవలేదు. బండి కదులుతుండగానే మా డాక్టరమ్మకు చేశాను. ఆమె చిన్న వయసు, కొత్తగా వచ్చింది, ఎక్కువ మాట్లాడదు.

"మేడం, పాము కాటు. అమ్మాయి. పది నలభై కంటే ముందే కరిచింది."

"మరి ఇప్పుడా చెప్పేది?"

"తప్పు నాది మేడం. మందు రెడీ పెట్టండి."

"పెడతాను. ఊపిరి చూసుకుంటూ తీసుకురండి," అని పెట్టేసింది.

క్యాంపు నుంచి పెద్దబండకు కాలిబాట దూరం. తండా వెనక నుంచి ఎడ్లబండి బాట ఒకటుంది, అది గుట్ట మెడ దాకా పోతుంది. డ్రైవరన్న ఆ బాటలో బండి ఎట్లా తోలాడో నాకిప్పటికీ తెలియదు. నా తల రెండుసార్లు పైకప్పుకు కొట్టుకుంది. బాట ఆగిపోయిన చోట దిగి, స్ట్రెచర్ చెరో కొస పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం. రిటైర్మెంటుకు ఏడాది కూడా లేనివాణ్ని.  అయినా ఎక్కుతూనే ఉన్నాను. ఆ పిల్ల నడుస్తుంటే ప్రతి అడుగుకూ విషం పైకి పోతుంటుంది, ఆ అడుగులు నేను వెయ్యమన్నవి. అదొక్కటే తలలో తిరుగుతోంది. ఇంకా ఎంత దూరముందో అడగడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు.

సగం ఎక్కాక ఆకుల చప్పుడు వినపడింది. ముందు ఆమె, వెనక చొక్కాల్లేని నలుగురు పిల్లలు. భుజాల మీద రెండు బొంగులు, బొంగులకు తొడిగి బొత్తాలు పెట్టిన చొక్కాలు, వాటి మీద ఆ అమ్మాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టారు, నోట్లోని చొంగ గొంతులోకి పోకుండా. కాలుకు కట్టెలు ఆనించి చున్నీతో కట్టారు. అలవాటు కొద్దీ కట్టు కింద వేలు దూర్చి చూశాను. దూరింది. బిగించలేదు. కాలి వెండి పట్టీ తీసేసి గైడమ్మ కొంగున ముడేసుకుంది. అమ్మాయి మోచేతి మీద పెన్నుతో పది ముప్పై రెండు అని రాసి ఉంది. నా క్లాసులో చెప్పినవన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్పలేదు.

"నడిపించలేదా?" అన్నాను. 

ఆమె మొహం తుడుచుకుంది. "ఫోన్ల సారు నడిపించుమన్నడు. క్లాసుల సారు నడిపించొద్దన్నడు. నేను క్లాసుల సారు మాట ఇన్న."

ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఇంతగా తిట్టినవాళ్లు లేరు, ఇంతగా పొగిడినవాళ్లూ లేరు. రెండూ ఒకే మాటలో పడ్డాయి. జవాబు చెప్పే టైము లేదు. అమ్మాయిని స్ట్రెచర్ మీదికి మార్చాం. కనురెప్పలు వాలిపోతున్నాయి. "నిద్రొస్తుంది సార్," అంది, నాలుక మందమైపోయి. ఆ నిద్ర ఏ నిద్రో నాకు తెలుసు.

బండిలో గైడమ్మ అమ్మాయి తలవైపు కూర్చుంది. ఏ పాము అని నేను కళ్లతోనే అడిగాను. ఆమె అమ్మాయికి కనపడకుండా, తల వెనక నుంచి, అరచెయ్యి ఎత్తి వేళ్లు కొంచెం ముందుకు వంచి చూపించింది. పడగ. నేను డాక్టరమ్మకు ఫోన్‌లో నాగుపాము అని చెప్పబోయి, అమ్మాయి మొహం చూసి, "పడగ ఉన్నదట మేడం" అని మెల్లగా అన్నాను. మూడుసార్లు అనిపించినవాడికి ఆ ఒక్కసారి నోరు రాలేదు.

దారి మధ్యలో ఊపిరి పైపైన ఆడడం మొదలైంది. మూతికి మాస్కు పెట్టి గాలి సంచి నొక్కడం మొదలుపెట్టాను. అయిదారు సెకన్లకు ఒకసారి. ఎక్కువ నొక్కితే కడుపులోకి పోతుంది, తక్కువైతే చాలదు. నా లెక్క తప్పుతుంటే గైడమ్మ అమ్మాయి దవడ పైకెత్తి పట్టుకుని, "సార్, నేను లెక్కవెడత, మీరు ఒత్తుండ్రి," అంది. వాళ్ల భాషలో లెక్క పెట్టింది. నాకు అంకెలు అర్థం కాలేదు, ఆమె గొంతు ఎక్కడ ఆగితే అక్కడ నొక్కాను. దవాఖాన గేటు దాకా అట్లాగే వచ్చాం.

డాక్టరమ్మ గేటు దగ్గరే నిలబడి ఉంది. మందు ఎక్కించడం, గొంతులో గొట్టం వెయ్యడం, వరంగల్‌కు పంపడం, అదంతా ఆమె పని, ఆమె చాలా నేర్పుగా చేసింది. మూడు రోజులు అమ్మాయి మిషన్ మీద ఉంది. ఆ మూడు రోజులూ నేను తిన్న తిండి నాకు గుర్తులేదు. నాలుగో రోజు పొద్దున గొట్టం తీశారని, నీళ్లడిగిందని డ్రైవరన్న ఫోన్ చేశాడు. నేను ఇంటి వెనక నల్లా తిప్పి, ఎవరికీ వినపడకుండా ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి.

తర్వాత ఫారం మార్చాను, పాఠం మార్చాను. భూపాలపల్లి క్లాసులో బోర్డు మీద ఏమీ రాయకుండా, మీ ఊళ్లో దీన్నేమంటరు, దాన్నేమంటరు అని వాళ్లనే అడిగి, వాళ్ల మాటలతోనే గడులు గీశాను. ఫోన్ తీసేవాళ్లు సలహా చెప్పే ముందు రెండు మాటలు అడగాలని పెట్టాను. కంటితో చూసిందేంది, అది కాళ్లతో నడుస్తదా పొట్టతో పాకుతదా అని. దానికి కాళ్లో పొట్టో అంటే చాలు, ఏ పేరూ తియ్యనక్కర్లేదు. ఇవన్నీ మీరు రాసుకోవచ్చు. కానీ వీటికంటే ముందు జరిగింది ఒకటి చెప్పాలి. ఇప్పటిదాకా దాటవేసింది అదే.

ఆ వారం నాకు సన్మానం తక్కువైంది, అంతే. పైఆఫీసర్ ఫోన్ చేసి శభాష్ అన్నారు. పిల్లలు వాళ్ల ఫోన్లలో నా ఫోటో పెట్టారు. ఇంకోపక్క చిన్న గుసగుస కూడా మొదలైంది. గైడమ్మ పామును చూసి కూడా దాచిపెట్టిందని, పిల్లలకు చెప్పలేదని, అట్లాంటి మనిషిని గైడుగా ఉంచాలా అని. ఫారం నా జేబులో ఉంది, పచ్చ గడిలో టిక్కుతో. దాన్ని అడిగినవాళ్లు లేరు. చించేస్తే ఎవరికీ తెలియదు. రెండు రోజులు అది జేబులో అట్లాగే తిరిగింది. ఇంకెన్నాళ్ల సర్వీసు, చివర్లో ఈ మచ్చ ఎందుకు అని కూడా అనుకున్నాను. అనుకోలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఆరో రోజు గైడమ్మను వెంటబెట్టుకుని వరంగల్ వెళ్లాను. అమ్మాయి దిండ్లకు ఆనుకుని కూర్చుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. పక్కన వాళ్లమ్మ. జనగామ జిల్లా, కొడకండ్ల దగ్గర ఏదో పల్లె, వ్యవసాయం. నన్ను చూడగానే లేచి రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు లాక్కోలేకపోయాను, ఉంచలేకపోయాను.

గైడమ్మ కొంగు ముడి విప్పి కాలి పట్టీ మంచం మీద పెట్టింది. అమ్మాయి దాన్ని తీసుకోకుండా ఆమె మొహంలోకి చూసింది.

"అక్కా, నువ్వు అప్పుడే చూసినవా దాన్ని?"

"చూసిన."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఉరుకుతుంటివి బిడ్డా. ఉరికితే నా చేతులల్ల మిగలకపోదువు."

వాళ్లమ్మ నా చేతులు వదిలేసి గైడమ్మ వైపు తిరిగింది. "నా బిడ్డకు చెప్పకుంటే చెప్పకపోతివి. ఎవలకన్న చెప్పాలె గద అక్కా?" గొంతులో కోపం లేదు గానీ, ఆరు రోజుల నిద్రలేమి ఉంది.

గైడమ్మ తలెత్తలేదు. మంచం పట్టె మీద వేలితో రాస్తూ, "సారుకు చెప్పిన," అంది.

అంతే అంది. ఫోన్లో రెండుసార్లు చెప్పానని అనలేదు. నడిపించమన్నాడని అనలేదు. నేను అవునమ్మా, చెప్పింది, వెంటనే వచ్చాం అంటే అక్కడికి సరిపోయేది. ఆమె కూడా ఆ తలుపు నాకోసమే తెరిచి పెట్టిందని నాకు అర్థమైంది.

జేబులోంచి ఫారం తీసి మంచం మీద, పట్టీ పక్కన పెట్టాను.

"చెప్పిందమ్మా. పది నలభైకే చెప్పింది. పురుగు ముట్టింది అన్నది, రెండుసార్లు అన్నది. నేను పాము అనుకోలే. ఇరవై నిమిషాలు ఊకె కూసున్న. నీ బిడ్డను నడిపించుమని గూడ అన్న. ఆమె నా మాట ఇనలేదు కాబట్టి నీ బిడ్డ బతికింది."

అమ్మాయి కాగితం వైపు చూసింది. వాళ్లమ్మ కాగితం చూడలేదు. నన్నే చూస్తూ నిలబడింది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమెకు కోపం కంటే ముందు అసలు సంగతే అంతుచిక్కనట్టుంది.

"పురుగు ముట్టింది అంటే తెల్వదా సార్?" అంది. "మా దిక్కు చిన్న పోరగానికి గూడ తెలుస్తది. మీది ఏ ఊరు?"

"జనగామ," అన్నాను.